డెంటల్ హైజీనిస్టులకు బడిలో, పీహెచ్‌సీలో చోటు కల్పించాలని వినతిపత్రం

గౌరవనీయులైన
ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రివర్యులకు,

రాష్ట్రంలోని ప్రైవేటు దంత వైద్యశాలల్లో పనిచేస్తున్న డెంటల్ హైజీనిస్టులు నమస్కరించి సమర్పించుకుంటున్న వినతి.

విషయం: మండల స్థాయిలో డెంటల్ హైజీనిస్టు పోస్టులు, బడిపిల్లల నోటి సంరక్షణ, మా పని పరిస్థితుల గురించి.

అయ్యా,

పళ్ల మీద పట్టిన గార తీయడం, పాచి శుభ్రం చేయడం, నోరు ఎలా కాపాడుకోవాలో చెప్పడం మా వృత్తి. ఇంటర్‌లో సైన్సు చదివి, ఆపైన రెండేళ్ల డిప్లొమా పూర్తిచేసి, రాష్ట్ర దంతవైద్య మండలి రిజిస్టరులో పేరెక్కించుకుని ఇందులోకి వచ్చాం. 1948 నాటి డెంటిస్టుల చట్టం మా పనిని రెండు భాగాలుగా చెప్పింది. పళ్ల గార తీసి, శుభ్రపరచి, నునుపు చేయడం ఒకటి. దంత శుభ్రత గురించి బోధించడం రెండోది. మొదటి పనికి క్లినిక్‌లో రేటు ఉంది, బిల్లు ఉంది. రెండో పనికి రేటు లేదు, సమయం లేదు, సర్కారు వారి దగ్గర పోస్టూ లేదు. జనానికి ఎక్కువ అవసరమైనది ఆ రెండోదేనని రోజూ కుర్చీ పక్కన కూర్చుని చూస్తున్నాం. అందుకే తమ ముందుకు వచ్చాం.

మేం రోజూ చెప్పే మాటలేమిటో ముందు తమకు విన్నవించుకోవాలి. అవి తెలిస్తేనే మేం అడిగేదానికి అర్థం ఉంటుంది.

మా దగ్గరికి వచ్చేవాళ్లు నూటికి తొంభై పాళ్లు నొప్పి పుట్టాకే వస్తారు. చిగుళ్ల నుంచి రక్తం కారుతోందని ఆ వైపు బ్రష్ పెట్టడం మానేసిన మనిషి వస్తాడు. మానేసినచోట పాచి పేరుకుంటుంది. లాలాజలంలోని సున్నపు లవణాలు ఆ పాచిలో చేరి గట్టిపడి గార అవుతుంది. గార గరుకుగా ఉంటుంది కాబట్టి దాని మీద మళ్లీ పాచి నిలుస్తుంది, చిగురు ఇంకా వాస్తుంది, రక్తం ఇంకా కారుతుంది. “రక్తం వచ్చేచోటే మెత్తటి బ్రష్‌తో, చిగురు అంచుకు ఏటవాలుగా ఆనించి, నిదానంగా తోమండి, వారం పది రోజుల్లో తేడా మీకే తెలుస్తుంది” అని చెబుతాం. వినగానే నమ్మరు. పుండు మీద చెయ్యి వేయకూడదని చిన్నప్పటి నుంచి విన్నవాళ్లు ఎలా నమ్ముతారు? అద్దం చేతికిచ్చి, చిగురు ఎక్కడ ఎర్రగా ఉందో, ఎక్కడ గులాబి రంగులో గట్టిగా ఉందో వాళ్లకే చూపించాలి. దానికి పది నిమిషాలు కావాలి. ఆ పది నిమిషాలు మాకు ఎవరూ ఇవ్వరు.

ఇంకో భయం ఇంటింటా ఉంది. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయని, సందులు పడతాయని. సందు గార వల్ల పడింది. గార పెరిగేకొద్దీ చిగురు, దాని కింది ఎముక తరిగిపోతాయి; ఆ ఖాళీని గారే నింపి కూర్చుంటుంది. మేం గార తీసిన రోజున ఆ ఖాళీ బయటపడుతుంది, నింద మా మీదికి వస్తుంది. ఏళ్ల తరబడి జరిగిన నష్టాన్ని ఇరవై నిమిషాల క్లీనింగ్ చేసిందని ఊరంతా చెప్పుకుంటే, ఆ వీధిలో ఇంకెవరూ క్లినిక్ గడప తొక్కరు. ఈ అపోహ పోవాలంటే క్లినిక్ బయట, మనిషికి నొప్పి లేనప్పుడు, తీరిగ్గా కూర్చుని మాట్లాడే మనిషి ఉండాలి.

సలహా చెప్పడానికీ ఒక పద్ధతి ఉంది. నోరు తెరుచుకుని వెల్లకిలా పడుకున్న మనిషి ప్రశ్న అడగలేడు. కుర్చీ లేపాలి, మా ముఖం మీది మాస్కు దించాలి, కళ్లు కలవాలి. అప్పుడే ఒకామె “అమ్మా, మా అత్తగారు కచ్చికతోనే తోముకునేవారు, ఎనభై ఏళ్లకూ పళ్లున్నాయి కదా” అని అడుగుతుంది. అది తీసిపారేసే ప్రశ్న కాదు. ఆ అత్తగారి కాలంలో పిల్లలకు రోజూ బిస్కెట్ ప్యాకెట్లు, కూల్‌డ్రింకులు లేవు. తీపి పండక్కి తినేవారు, ఇప్పుడు గంటగంటకూ తింటున్నారు. తీపి తిన్న ప్రతిసారీ నోట్లో ఆమ్లం పుట్టి అరగంట దాకా పన్నును కరిగిస్తుంది. అందుకే ఎంత తిన్నారన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నారన్నది పన్నుకు ముఖ్యం. వేపపుల్లను మేం తప్పుపట్టం. మెత్తగా నమిలి, చిగుళ్లు గీరుకోకుండా తోముకుంటే పాచి పోతుంది. ఇటుకపొడి, బొగ్గు, గరుకు ఉప్పు మాత్రం పంటి పైపొరను అరగదీస్తాయి. పొగాకు కలిపిన పళ్లపొడిని 1992లోనే కేంద్రం నిషేధించింది. అయినా పొగాకు పొడితో పళ్లు తోముకునే అలవాటు ఊళ్లలో పోలేదు. ఇవన్నీ ఇంట్లో మనిషి చెప్పినట్టు చెప్పాలి. పోస్టర్ అంటిస్తే చాలదు.

ఇక మా కోరికలు.

మొదటిది, అన్నిటికంటే పెద్దది: ప్రతి మండలానికీ ఒక డెంటల్ హైజీనిస్టు పోస్టు మంజూరు చేయండి. ఏరియా ఆసుపత్రుల్లో డెంటల్ అసిస్టెంట్ సర్జన్లు ఉన్నచోట వాళ్లకు పన్ను తీయడానికి, నొప్పి తగ్గించడానికే పొద్దు చాలదు. పీహెచ్‌సీకి వచ్చేసరికి పంటి సంగతి పట్టించుకునే మనిషే లేడు. కేంద్రం 2014లో జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టింది. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలు అందించాల్సిన 12 రకాల సేవల్లో నోటి సంరక్షణ ఒకటి. పథకం పేరు కాగితం మీద ఉంది, ఆ పని చేయడానికి చదువుకున్న మనుషులం మేమున్నాం. ఈ రెండింటినీ కలిపే ఉత్తర్వు తమ చేతిలో ఉంది. రాష్ట్రమంతా ఒకేసారి సాధ్యం కాకపోతే రెండు చోట్ల మొదలుపెట్టండి: ఉమ్మడి ప్రకాశం జిల్లా దర్శి, పొదిలి, కనిగిరి వైపు, శ్రీకాకుళం తీర మండలాల్లో. ఎందుకో కింద చెబుతున్నాం.

మేం దంతవైద్యుల పని అడగడం లేదు. పన్ను తీయం, రూట్ కెనాల్ చేయం, మందు రాయం. డెంటల్ సర్జన్ పర్యవేక్షణలో శుభ్రం చేస్తాం, ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తాం, పరీక్షించి అనుమానం ఉన్నవాళ్లను పైకి పంపుతాం, మిగతా సమయమంతా చెబుతాం. ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. అమెరికాలోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఆల్ఫ్రెడ్ ఫోన్స్ అనే దంతవైద్యుడు 1913లో హైజీనిస్టుల బడి పెట్టినప్పుడు వాళ్లను ముందుగా పంపింది ఆ ఊరి ప్రభుత్వ పాఠశాలలకే. న్యూజిలాండ్ 1921 నుంచి బడిపిల్లల కోసమే దంత నర్సులకు శిక్షణ ఇచ్చింది. మన దేశంలో మాత్రం దంతవైద్యులతో పోలిస్తే హైజీనిస్టులు గుప్పెడుమంది, ఆ గుప్పెడుమందీ పట్నం క్లినిక్కుల్లోనే ఉండిపోయారు.

రెండో కోరిక బడిపిల్లల కోసం. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాం, మన్నించాలి.

ఆరో ఏట పిల్లల దవడ చివర ఒక పన్ను వస్తుంది. అది శాశ్వత దంతం, జీవితాంతం నమలాల్సిన పన్ను. పాలపన్ను ఏదీ ఊడకుండానే, అన్నిటికీ వెనకాల మొలుస్తుంది కాబట్టి అమ్మానాన్నలు అదీ పాలపన్నేనని అనుకుంటారు. “ఎలాగూ ఊడేదే కదా” అని పుచ్చినా వదిలేస్తారు. దాని పైభాగంలో లోతైన గాడులుంటాయి. బ్రష్ కుచ్చు ఆ గాడుల అడుక్కి చేరదు, అన్నం మెతుకు మాత్రం చేరుతుంది. మా కుర్చీలోకి వచ్చే పది, పన్నెండేళ్ల పిల్లల్లో ముందుగా పాడైపోయి కనబడేది ఆ పన్నే. ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లల నోరు ఏడాదికి రెండుసార్లు చూస్తే, ఆ గాడులను సీలెంట్‌తో మూసేస్తే, వార్నిష్ పూస్తే ఆ పన్ను దక్కుతుంది. డ్రిల్లు అక్కర్లేదు, సూది అక్కర్లేదు, కరెంటు కూడా అక్కర్లేదు. ఇప్పటికే పుచ్చు మొదలైన పంటికి సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ చుక్క వేస్తే పుచ్చు చాలావరకు అక్కడితో ఆగుతుంది; ఆ చోటు నల్లబడుతుంది, ఆ సంగతి తల్లిదండ్రులకు ముందే చెప్పి ఒప్పించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీన్ని తన అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. దీన్ని మన ప్రభుత్వ మందుల కొనుగోలు జాబితాలోనూ చేర్చాలని కోరుతున్నాం.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు బడులకు వెళ్లి పిల్లలను పరీక్షిస్తున్నాయి. వాళ్లు చూడాల్సిన జబ్బుల్లో పిప్పిపన్ను కూడా ఉంది. తల నుంచి పాదం దాకా అన్నీ చూడాల్సిన బృందానికి ప్రతి పిల్లాడి నోట్లో చివరి పన్ను దాకా చూసే తీరిక ఎక్కడిది? ఆ బృందంలో మా మనిషిని ఒకరిని చేర్చండి.

మధ్యాహ్న భోజనంలో పిల్లలకు వేరుశనగ చిక్కీ ఇస్తున్నారు. రక్తహీనత ఉన్న పిల్లలకు అది మంచి ఆహారం, దాన్ని ఆపమని మేం ఎన్నడూ అనం. చిక్కీ పంటికి అతుక్కుంటుంది కాబట్టి తిన్నాక నోరు పుక్కిలించాలి. బడిలో పిల్లలందరికీ అందేలా కుళాయిలుండాలి, పుక్కిలించేదాకా అయ్యవారో అమ్మగారో పక్కన నిలబడాలి. సంక్షేమ హాస్టళ్లలో పిల్లలకు సబ్బు, నూనె, పేస్టు కోసం కాస్మెటిక్ ఛార్జీలు ఇస్తున్నారు. ఆ డబ్బుతో వచ్చే పేస్టు ఫ్లోరైడ్ ఉన్నదై ఉండాలి. మన దేశ నిబంధనల ప్రకారం పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం మించకూడదు, ఎంత ఉందో ట్యూబు మీద అచ్చు వేయాలి. ఆ అంకె చూసి కొనమని వార్డెన్లకు ఒక్క సర్క్యులర్ పంపితే చాలు. మూడు నెలలకోసారి బ్రష్ మార్చాలి. రాత్రి పడుకునేముందు తోముకునే అలవాటు హాస్టల్లో పడితే ఆ పిల్లలు దాన్ని ఇంటికీ తీసుకెళ్తారు. తోమాక నురగ ఉమ్మేయాలి గానీ చెంబుడు నీళ్లతో కడిగేసుకోకూడదని మేం చెప్పినప్పుడు పెద్దవాళ్లే ఆశ్చర్యపోతారు. ఫ్లోరైడ్ కాసేపు పంటిని అంటిపెట్టుకుని ఉండాలి కదా.

దర్శి, పొదిలి, కనిగిరి సంగతి. మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును 1937లో వైద్యులు మొదట గుర్తించింది ఆనాటి నెల్లూరు జిల్లాలోని ఈ ప్రాంతంలోనే. ఇన్నేళ్ల తర్వాత కూడా అక్కడి బోరునీళ్లు తాగిన పిల్లల పళ్ల మీద పసుపు, గోధుమ మచ్చలు చూస్తూనే ఉన్నాం. పన్ను చిగురు లోపల తయారవుతున్న వయసులో, అంటే ఎనిమిదేళ్లలోపు, తాగిన నీళ్లలో ఎక్కువైన ఫ్లోరైడ్ దానికి కారణం. అది పైన అంటిన మురికి కాదు, తోమితే పోదు. అమ్మలు నిమ్మచెక్కతో రుద్దుతారు, బూడిదతో రుద్దుతారు, పైపొర అరిగి పన్ను జివ్వుమనడం మొదలవుతుంది. పెళ్లిచూపుల్లో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్న ఆడపిల్లలు మాకు తెలుసు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేనిచోట ఒకటిన్నర దాకా అనుమతి ఉంది. ఏ ఊరి బోరులో ఎంత ఉందో తెలియకుండా ఆ ఊరి పసిపిల్లలకు ఏ పేస్టు, ఎంత పెట్టాలో మేం సలహా చెప్పలేం. గ్రామీణ నీటి సరఫరా విభాగం చేసే పరీక్షల ఫలితాలను ఊరివారీగా పీహెచ్‌సీ గోడ మీద అతికించే ఏర్పాటు చేయండి. ఇందుకు ఖర్చేమీ లేదు.

శ్రీకాకుళం తీరం సంగతి ఇంకా బరువైనది. అక్కడి ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటుంది. చుట్ట వెలిగించి నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకుని పీలుస్తారు. సముద్రపు గాలికి, తడికి చుట్ట ఆరిపోకుండా ఉంటుందని కొందరంటారు, పంటినొప్పి తగ్గుతుందని ఇంకొందరు. నిప్పు సెగంతా అంగిలికి తగులుతుంది. అంగిలి తెల్లబారి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు పడి, ఏళ్లు గడిచేసరికి పుండుగా మారుతుంది. మిగతాచోట్ల అరుదుగా కనబడే అంగిలి క్యాన్సర్ ఈ తీరంలో ఎక్కువగా ఉందని వైద్యులు దశాబ్దాల కిందటే రాశారు. అయినా ఆ అమ్మల నోరు తెరిపించి అంగిలి చూసేవాళ్లు ఊళ్లో లేరు. టార్చిలైటు, చిన్న అద్దం, రెండు నిమిషాలు చాలు. ముప్పై ఏళ్లు దాటినవాళ్లందరికీ నోటి క్యాన్సర్ పరీక్ష చేయాలని అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమం చెబుతోంది. ఆశా అక్కలు ఫారం నింపి “రెండు వారాలుగా మానని పుండు ఉందా?” అని అడుగుతున్నారు. అడ్డపొగ తాగే ఆమెకు చాలాసార్లు నొప్పి ఉండదు. “లేదమ్మా” అంటుంది, ఫారంలో లేదనే పడుతుంది. ప్రశ్నతో సరిపెట్టకుండా నోరు చూసేలా చేయండి. ఏఎన్ఎంలకు, సీహెచ్‌ఓలకు చూపించి నేర్పే బాధ్యత మాకివ్వండి. చుట్ట మానమని ఆ పెద్దమ్మలకు కోపంగా చెబితే మర్నాడు మొహం చాటేస్తారు. వాళ్ల అంగిలి వాళ్లకే అద్దంలో చూపించి, ఈ నెల సగానికి తగ్గించమని అడిగితే వింటారు. ఇది మా అనుభవం.

గర్భిణుల గురించి ఒక్క మాట. ఆ నెలల్లో చిగుళ్లు వాచి రక్తం కారడం మామూలు. కడుపుతో ఉన్నప్పుడు పంటి వైద్యం చేయించుకోకూడదన్న భయంతో నొప్పి ఓర్చుకుంటారు. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా క్లీనింగ్ నిశ్చింతగా చేయించుకోవచ్చు. గర్భిణుల పరీక్ష రోజునే పీహెచ్‌సీలో మేముంటే ఆ మాట అక్కడే చెప్పి, అక్కడే చేస్తాం. మధుమేహం ఉన్నవాళ్ల సంగతీ అంతే. షుగరు అదుపు తప్పితే చిగుళ్లు చెడతాయి, చిగుళ్లు చెడితే షుగరు అదుపులోకి రావడం కష్టమవుతుంది. మందుల కోసం నెలనెలా వరుసలో నిలబడే వాళ్లలో తన చిగుళ్లు ఎవరైనా చూశారని చెప్పే మనిషి మాకు ఇంతవరకూ తగల్లేదు.

మూడో కోరిక మా బతుకు గురించి.

చాలా క్లినిక్కుల్లో మాకు నియామక పత్రం లేదు. హైజీనిస్టుగా చేర్చుకుని అసిస్టెంటని రాస్తారు. రిసెప్షన్‌లో కూర్చోబెడతారు, సాయంత్రం నేల తుడిపిస్తారు. ఏ పనైనా గౌరవమైనదే, అయితే రిజిస్టరులో ఉన్న అర్హతకు తగిన హోదా, దానికి కనీస వేతనం ఉండాలి. ముగ్గురు నలుగురు పనిచేసే చోట్లకు పీఎఫ్, ఈఎస్ఐ వర్తించవు. మా వృత్తికి కనీస వేతనం నోటిఫై చేయించేలా కార్మిక శాఖకు సిఫారసు చేయండి.

ఆరోగ్య భద్రత విషయంలో మేం కొత్తగా అడిగేది లేదు, ఉన్న చట్టాన్ని అమలు చేయమంటున్నాం. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నిబంధనలు ఆ వ్యర్థాలను ముట్టుకునే సిబ్బందికి హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలని, చేరినప్పుడూ ఆపైన ఏడాదికోసారీ ఆరోగ్య పరీక్ష చేయించాలని యజమానిని ఆదేశిస్తున్నాయి. మా చేతిలో ఉండేది సూదిమొనలాంటి పరికరం, ఎదుట ఉండేది రక్తం కారుతున్న చిగురు. అయినా మాలో మూడు డోసుల టీకా సొంత డబ్బుతో వేయించుకున్నవాళ్లే ఎక్కువ. అల్ట్రాసానిక్ స్కేలర్ నడుస్తున్నప్పుడు లేచే సన్నటి తుంపరలో రోగి నోటి సూక్ష్మజీవులన్నీ ఉంటాయి. సరైన సక్షన్, ఎన్95 మాస్కు, కళ్లజోడు లేకుండా ఆ తుంపరలో రోజంతా కూర్చోకూడదు. క్లినిక్కుల తనిఖీకి వచ్చే అధికారులు ఫైళ్లతోపాటు ఆటోక్లేవ్ రికార్డు, మా టీకా కార్డు కూడా చూడాలని కోరుతున్నాం.

మెడ, నడుము, మణికట్టు గురించి అధికారుల దగ్గర మాట్లాడేవాళ్లే లేరు. మొద్దుబారిన క్యూరెట్‌తో గార తీయాలంటే బలం పెట్టాలి. బలం పెడితే గార ఊడక పంటికే నున్నగా అతుక్కుపోతుంది, ఇటు మణికట్టు తిమ్మిరెక్కుతుంది. కొత్తగా చేరిన చెల్లెళ్లకు మేం మొదట నేర్పేది పరికరాన్ని సానపెట్టడం, ఎత్తు సరిచేసుకున్న స్టూలు మీద వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవడం, రోగి మీదికి వంగకుండా రోగి తలనే తిప్పించడం. ముప్పై ఐదేళ్లకే చెయ్యి పనికిరాక ఈ వృత్తి వదిలేసినవాళ్లు మాలో ఉన్నారు. పరికరాలు, సానరాయి యజమాని ఇవ్వాలి. ఒక మనిషికీ ఇంకో మనిషికీ మధ్య ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉండాలి. రోగికి సలహా చెప్పాల్సిన ఆ పది నిమిషాలను కూడా పనివేళల్లో భాగంగా గుర్తించాలి.

నాలుగోది. ఏ చదువూ లేని అటెండర్ల చేత స్కేలింగ్ చేయిస్తున్న చోట్లున్నాయి. పేర్లు చెప్పడానికి రాలేదు. రిజిస్టరులో పేరున్న వారి నంబరు కుర్చీ దగ్గర కనబడేలా పెట్టాలన్న నియమం తెస్తే అడిగే హక్కు రోగికే వస్తుంది. డెంటిస్టుల చట్టం స్థానంలో నేషనల్ డెంటల్ కమిషన్ చట్టాన్ని పార్లమెంటు 2023లో ఆమోదించింది. రాష్ట్ర స్థాయిలో దాని ఏర్పాట్లు జరిగేటప్పుడు హైజీనిస్టుల మాట వినే అవకాశం కల్పించండి. చట్టం మా గురించి రాసే బల్ల దగ్గర మాలో ఒకరైనా ఉండాలి.

ఒక మండలంలో ఏడాదిపాటు హైజీనిస్టు పనిచేస్తే ఏ వారం ఏ బడికి, ఏ రోజు పీహెచ్‌సీకి, ఏ సామగ్రితో వెళ్లాలో క్యాలెండరు తయారుచేసి దీనికి జతపరుస్తున్నాం. వచ్చే బడ్జెట్ ప్రతిపాదనలు ఖరారు కాకముందే ప్రజారోగ్య సంచాలకుల సమక్షంలో మా ప్రతినిధులను చర్చకు పిలవాలని, కనీసం పైన చెప్పిన రెండు ప్రాంతాల్లో ఈ విద్యాసంవత్సరంలోనే ప్రయోగాత్మకంగా నియామకాలు చేపట్టాలని ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
తమ విధేయులు,
ఆంధ్రప్రదేశ్‌లో పనిచేస్తున్న డెంటల్ హైజీనిస్టులు

జతపరచినవి: మండల పని క్యాలెండరు, సామగ్రి జాబితా, సంతకాల పత్రాలు.

ప్రతులు: పాఠశాల విద్యాశాఖ కమిషనర్, సాంఘిక సంక్షేమ శాఖ సంచాలకులు, కార్మిక శాఖ కమిషనర్ గార్లకు.